మేకల్ని చూడ్డానికి రైలెక్కాలా? డిస్నీ యానిమల్ కింగ్‌డమ్‌లో రఫీకీస్ ప్లానెట్ వాచ్‌కి ఎవరు వెళ్లాలి, ఎలా వెళ్లాలి

టాంపాలో ఉండే తెలుగువాళ్లకి జీతం లేని ఉద్యోగం ఒకటుంటుంది. ఇండియా నుంచి ఎవరి అమ్మానాన్నలు దిగినా ఓర్లాండో తిప్పి చూపించడం. గంటంబావు డ్రైవే కదా అని అందరూ మన నెత్తినే వేస్తారు. అలా తిరిగి తిరిగి డిస్నీ పార్కుల మీద నాకు కొన్ని ఖచ్చితమైన అభిప్రాయాలు ఏర్పడ్డాయి. ఎవరు అడిగినా వాట్సాప్‌లో అరగంట వాయిస్ మెసేజ్ పెట్టాల్సి వస్తున్న ప్రశ్న ఒకటుంది: "యానిమల్ కింగ్‌డమ్‌లో రైలెక్కి వెళ్లే జంతువుల చోటు ఏదో ఉందట, దానికి టైమ్ పెట్టొచ్చా?" ఈసారి రాసే పెడుతున్నా, లింకు పంపేస్తే సరిపోతుంది.

ముందు ఆ చోటేంటో చెప్తాను. ఓర్లాండో డిస్నీలో జంతువులుండే పార్కు యానిమల్ కింగ్‌డమ్. దాన్ని 1998 ఏప్రిల్ 22న, ధరిత్రీ దినోత్సవం రోజున తెరిచారు. అప్పట్నుంచే పార్కులో ఒక మూల కన్జర్వేషన్ స్టేషన్ అని ఒక భవనం ఉంది. జంతువుల డాక్టర్లు, వాటికి మేత తయారుచేసేవాళ్లు, పరిశోధన చేసేవాళ్లు అద్దాల వెనక పని చేస్తుంటే మనం చూడొచ్చు. తర్వాత ఆ మూలంతటికీ లయన్ కింగ్ సినిమాలో ముసలి కోతి పేరు తగిలించి రఫీకీస్ ప్లానెట్ వాచ్ అన్నారు. 2018 అక్టోబరులో మూసేసి, 2019 జులైలో బొమ్మలు గీయడం నేర్పే క్లాసు ఒకటి చేర్చి మళ్లీ తెరిచారు. 2026లో బ్లూయీ అనే ఆస్ట్రేలియా కార్టూన్ కుక్కపిల్లని ఇక్కడికి తెస్తామని డిస్నీ ప్రకటించింది. కాబట్టి బోర్డుల మీద పేర్లు, బొమ్మల క్లాసు, మేకల దొడ్డి ఏర్పాట్లు మీరు వెళ్లేసరికి మారి ఉండొచ్చు. నేను చెప్పేది 2024 ఫిబ్రవరి నాటి లెక్క. వెళ్లే రోజు పొద్దున్నే మై డిస్నీ ఎక్స్‌పీరియన్స్ యాప్ ఒకసారి తెరిచి చూసుకోండి.

నేను రెండుసార్లు వెళ్లాను. మొదటిసారి మా అత్తయ్య నన్ను ఏమనలేక మా ఆయన్ని తిట్టారు. రెండోసారి మా నాన్నని అక్కణ్ణుంచి కదిలించడానికి నానా తంటాలు పడ్డాం. చోటు అదే. తేడా అంతా వెళ్లిన వేళలో, వెళ్లిన మనుషుల్లో ఉంది.

మొదటిసారి చేసిన తప్పు

2019 ఆగస్టు. మధ్యాహ్నం మూడు. పొద్దుట్నుంచీ రైడ్‌ల చుట్టూ తిరిగి అందరం వాడిపోయి ఉన్నాం. కాసేపు కూర్చోవచ్చు కదా అని రైలెక్కించాను. దిగాక ఎండలో ఐదు నిమిషాల నడక. లోపలికెళ్తే పెద్ద అద్దం, అద్దం వెనక ఖాళీ టేబులు, లైట్లు తీసేసి ఉన్నాయి. ఆ పక్క అద్దం వెనక తుడిచి పెట్టిన సింకు. బయట మేకలు నీడన పడుకుని కునుకు తీస్తున్నాయి. మా అత్తయ్యది తెనాలి దగ్గర పల్లెటూరు. కొంగుతో మొహం తుడుచుకుంటూ, "ఇన్ని డాలర్లు పోసి మేకల్ని చూపించడానికా ఇంత దూరం తీసుకొచ్చింది?" అని మా ఆయనతో అన్నారు. నాకు వినపడేలాగే.

ఆవిడన్నదాంట్లో తప్పేం లేదు. జంతువుల డాక్టర్లు ఆపరేషన్లూ పరీక్షలూ మామూలుగా పొద్దున పూట పెట్టుకుంటారు. మధ్యాహ్నం మూడింటికి వెళ్లడమంటే పెళ్లి అయిపోయాక భోజనాలకి వెళ్లినట్టే, షామియానా విప్పుతుంటారు. పైగా ఈ మూల పార్కు కంటే ఆలస్యంగా తెరిచి, పార్కు కంటే ముందే మూసేస్తారు. ఈ ఒక్క ముక్క తెలియక ఒక పూట పోగొట్టుకున్నాను.

రోజుని ఎలా సర్దుకోవాలంటే

పార్కు తెరిచే వేళకి గేటు దగ్గరుండండి. నేరుగా పార్కులో ఆఫ్రికా అనే భాగం వైపు నడిచి ముందు కిలిమంజారో సఫారీస్ ట్రక్కు ఎక్కండి. పొద్దున చల్లగా ఉంటుంది కాబట్టి జంతువులు తిరుగుతూ కనిపిస్తాయి, లైను కూడా తక్కువ. సఫారీ దిగితే రైలు స్టేషను అక్కడే, హరంబే అనే ఉత్తుత్తి ఆఫ్రికా ఊళ్లోనే ఉంటుంది. ఈలోపు ప్లానెట్ వాచ్ తెరిచే టైమ్ అవుతుంది. మొదటి రెండు మూడు రైళ్లలో ఏదో ఒకటి పట్టుకుంటే మీరు గెలిచినట్టే.

అవతార్ రైడ్ కూడా కావాలనుకునేవాళ్లకి ఇక్కడ ఇబ్బంది. దానికీ పొద్దున్నే వెళ్లాలి, దీనికీ పొద్దున్నే వెళ్లాలి. కుర్రకారు ఉంటే జట్టు విడిపోండి. వాళ్లని ఆ రైడ్ ఉండే పండోరాకి పంపించి పెద్దవాళ్లూ చిన్నపిల్లలూ ఇటు రండి. రెండోసారి మేం అదే చేశాం. మా ఆయనా ఆయన తమ్ముడూ అటు పోయారు. నేనూ, మా నాన్నా, తొమ్మిదేళ్ల మావాడూ, నాలుగేళ్ల చిన్నదీ సఫారీ ఎక్కాం.

సఫారీలో జరిగిన ముచ్చట ఒకటి చెప్పకుండా ఉండలేను. మా నాన్న ప్రకాశం జిల్లాలో ముప్పై ఒక్కేళ్లు పశువుల డాక్టరుగా చేసి రిటైరయ్యారు. ట్రక్కు డ్రైవరమ్మాయి మైకులో "ఎడమ వైపు చూడండి, అంకోలే పశువులు" అంది. నాన్నకి "ఒంగోలే" అని వినపడింది. సీట్లోంచి సగం లేచారు. చూస్తే బారెడు బారెడు కొమ్ములున్న ఎర్రటి ఆవులు, ఉగాండా వైపు జాతి. నాన్న కాసేపు వాటినే చూసి, "ఒంగోలా నా బొందా? మూపురం ఉందీ లేనట్టు, గంగడోలు అసలే లేదు" అని కూర్చున్నారు. ట్రక్కు జిరాఫీల దగ్గరికి వెళ్లినా ఆయన వెనక్కి తిరిగి ఆవుల్నే చూస్తున్నారు. అప్పుడే నాకు ధైర్యం వచ్చింది, ఈయన్ని ప్లానెట్ వాచ్‌కి తీసుకెళ్లొచ్చని.

రైలు

నడిచి వెళ్లే దారి లేదు. పాతకాలం ఆఫ్రికా బండిలా, కప్పు మీద పెట్టెలూ మూటలూ కట్టి అలంకరించిన చిన్న గేజి రైలొక్కటే దిక్కు. ఇంగ్లండులో తయారైంది. వెళ్లడానికి ఏడెనిమిది నిమిషాలు పడుతుంది. బల్లలన్నీ ఒకే పక్కకి తిరిగి ఉంటాయి కాబట్టి కిటికీ సీటు కోసం పిల్లలు కొట్టుకునే పనిలేదు. చక్రాల కుర్చీ కూడా ఎక్కించుకుంటారు.

పట్టాల పక్కన కనిపించేవి ఏనుగులూ ఖడ్గమృగాలూ రాత్రి పడుకునే కొట్టాలు. అందమేం ఉండదు. రేకుల షెడ్లు, ఇనుప కంచెలు, మేత మోపులు, పేడ ఎత్తే బండ్లు. చాలామంది ఇక్కడ మొహం ముడుచుకుంటారు. మా నాన్న మాత్రం నీళ్లు ఎటు పారేట్టు గచ్చు వాలు పెట్టారో చూస్తున్నారు. "కొట్టం కట్టడం తెలిసినవాడే కట్టాడు" అన్నారు. నాకు తెలిసి మా నాన్న అమెరికాకి ఇచ్చిన మొదటి సర్టిఫికెట్టు అది.

ఖడ్గమృగాల కొట్టం దాటేటప్పుడు పిల్లలకి చెప్పడానికి ఒక నిజం కథ ఉంది. ఉగాండా అడవుల్లో 1980ల మొదట్లోనే ఖడ్గమృగం అన్నది లేకుండా పోయింది. వాటిని మళ్లీ పెంచడానికి అక్కడి జీవా అభయారణ్యానికి 2006లో ఈ పార్కు నుంచి నంది అనే ఆడ తెల్ల ఖడ్గమృగాన్ని పంపారు. 2009లో అది ఈనింది. తండ్రి కెన్యా నుంచి వచ్చింది, తల్లి అమెరికా నుంచి వచ్చింది. దూడకి ఒబామా అని పేరు పెట్టారు. మావాడు పడీపడీ నవ్వాడు. ఒక జంతువుని బోనులో పెట్టి చూపించడానికీ దాని జాతిని నిలబెట్టడానికీ తేడా ఏమిటో వాడికి నేను వేరే పాఠం చెప్పాల్సిన అవసరం రాలేదు.

అసలు విషయం: ఆ అద్దం

రైలు దిగాక చెట్ల కింద కాలిబాట, దార్లో చిన్న కోతులు. వాటి సంగతి తర్వాత చెప్తాను, వెళ్లేటప్పుడు అక్కడ ఆగకండి. నేరుగా భవనంలోకి నడవండి. గుమ్మం దగ్గరున్న ఉద్యోగిని అడగండి: "ఈ రోజు డాక్టర్లు ఏమైనా చేస్తున్నారా? ఎన్నింటికి?" ఇది అడగడం మర్చిపోతే మిగతా సలహాలన్నీ దండగ. ఏ రోజు ఏ జంతువు వస్తుందో, ఎన్నింటికి వస్తుందో ఏ బోర్డూ నమ్మకంగా చెప్పదు. అక్కడి మనుషులు చెప్తారు. ఇంకో అరగంటలో ఉందంటే ఈలోపు మేకల దగ్గరికి వెళ్లి రావచ్చు.

మాకు ఆ రోజు తగిలింది ఫ్లెమింగో. మన పులికాట్ సరస్సుకి చలికాలం దిగే రాజహంసల కుటుంబమే. అరికాల్లో పుండు పడిందట. మేం వెళ్లేసరికి ఒకావిడ దాన్ని చంకలో ఇరికించుకుని, పొడుగాటి కాళ్లు రెండూ జాగ్రత్తగా మడిచి పట్టుకుని లోపలికి తెస్తోంది. ఎక్కడ గట్టిగా పట్టుకుంటే పుటుక్కున విరుగుతాయో ఆవిడ చేతులకి తెలుసు. టేబులు మీద పెట్టి ముక్కుకి మాస్కు తొడిగి మత్తు గ్యాసు ఇచ్చారు. ఆ మెడ మెల్లగా వాలిపోతుంటే ఇంకొకావిడ తన అరచెయ్యి దాని కింద పెట్టింది. పైన టీవీ తెరల మీద ఆ అరికాలు ఇంత పెద్దగా కనిపిస్తోంది. గులాబీ రంగు చర్మం, మధ్యలో నల్లటి పెచ్చు. చిన్నదాన్ని నేను ఎత్తుకున్నాను. అది నా మెడ పట్టుకుని, "కొంగకి నొప్పేస్తోందా?" అని ఒకటే అడుగుతోంది.

మన వైపు ఒక ఉద్యోగి నిలబడి లోపల జరిగేది వివరిస్తూ ఉంటుంది. ప్రశ్నలుంటే అడగమంటుంది. అక్కడున్న పాతిక మందిలో ఎవరూ అడగరు, ఫోన్లు పైకెత్తి వీడియో తీస్తుంటారు. మీరు అడగండి. ఇంగ్లీషు ఎలా ఉన్నా సరే అడగండి. మా నాన్న అడిగారు. నొప్పికి ఏ మందు ఇచ్చారు?

మెలాక్సికామ్ అని జవాబొచ్చింది.

నాన్న తల ఊపి ఊరుకున్నారు. కాసేపటికి మావాడితో నెమ్మదిగా తెలుగులో చెప్పడం మొదలుపెట్టారు. తను సర్వీసులో ఉండగా, ఆవుకో గేదెకో జ్వరం వచ్చినా కీళ్లు పట్టేసినా డైక్లోఫెనాక్ ఇంజెక్షను ఇచ్చేవారట. చవక, వెంటనే పనిచేసేది. పడుకున్న గొడ్డు సాయంత్రానికి లేచి నిలబడితే రైతు దణ్ణం పెట్టేవాడట. లేవనివి చచ్చిపోయేవి. వాటిని ఊరి బయట వేస్తే రాబందులు వచ్చి తినేవి. గొడ్డు ఒంట్లో మిగిలిన ఆ మందుకి రాబందుల మూత్రపిండాలు చెడిపోయాయి. మన దేశంలో తెల్లవీపు రాబందులు నూటికి తొంభైతొమ్మిది పైన పోయాయి. కారణం ఈ మందేనని 2004లో తేలింది. 2006లో పశువులకి వాడకూడదని మన ప్రభుత్వం నిషేధించింది. దాని బదులు రాబందులకి హాని చేయదని చెప్పి వాడమన్న మందు పేరే మెలాక్సికామ్.

"మాకు తెలీదురా. మంచే చేస్తున్నాం అనుకున్నాం" అన్నారు నాన్న. మావాడు అద్దంలోకి చూస్తూనే, "ఇప్పుడు రాబందులు లేవా తాతయ్యా?" అన్నాడు. ఉన్నాయి, హైదరాబాద్ జూలో కూడా వాటిని పెంచి పిల్లలు చేయించే కేంద్రం ఉంది అని చెప్పారు. ఈసారి ఇండియా వెళ్తే అక్కడికి తీసుకెళ్లాలని తాతా మనవలు ఒప్పందం చేసుకున్నారు. ముప్పై ఏళ్లలో మా నాన్న నోట ఈ రాబందుల మాట నేను ఒక్కసారీ వినలేదు.

లోపల దూది మీద దూది, దాని మీద మెత్తటి రబ్బరు తునక, దాని మీద పట్టీ వేసి కట్టు కట్టారు. మాస్కు తీశారు. ఫ్లెమింగో కళ్లు తెరిచి, తల ఎత్తి, మెడని ఎస్ ఆకారంలో సర్దుకుంది. జనం చప్పట్లు కొట్టారు. మొత్తం నలభై నిమిషాలు. వెనక బల్లలున్నాయి, ఏసీ ఉంది, మోకాళ్ల నొప్పులవాళ్లకి దీనికంటే హాయైన చోటు ఆ పార్కులో లేదు.

పక్కనే మేత తయారుచేసే గది కూడా అద్దంలోంచి కనిపిస్తుంది. కూరగాయలు తూకం వేసి, తరిగి, ఒక్కో జంతువు పేరున ఒక్కో డబ్బాలో సర్దుతారు. పెద్ద విశేషమేం కాదు, కానీ మా అత్తయ్య లాంటివాళ్లకి నచ్చుతుంది. ఏ కూర ఏ మృగానికో ఊహించుకుంటూ కాలక్షేపం చేయొచ్చు. మిగతావి పాములు, కప్పలు, సాలీళ్ల గాజు పెట్టెలు. ఏ జూలో అయినా ఉండేవే, రెండు నిమిషాలు చాలు.

మేకల దొడ్డి

బయట అఫెక్షన్ సెక్షన్ అని ఒక దొడ్డి. మేకలు, గొర్రెలు, గాడిదలు, పందులు. లోపలికి వెళ్లి నిమరొచ్చు, బ్రష్షు తీసుకుని దువ్వొచ్చు, మేత మాత్రం పెట్టకూడదు. ఊళ్లో పుట్టి పెరిగినవాళ్లకి ఇది హాస్యంగానే ఉంటుంది. ఇక్కడ పుట్టిన మన పిల్లలకి మాత్రం మేక ఒళ్లు వెచ్చగా ఉంటుందని, గొర్రె బొచ్చు చేతికి జిడ్డుగా తగులుతుందని తెలిసేది ఇలాంటి చోటే. చిన్నది బ్రష్షు పట్టుకుని ఒక పొట్టి మేకకి జడ వేసేంత శ్రద్ధగా దువ్వింది.

మా నాన్న ఊరుకోలేదు. మేక గడ్డం కింద ఒక చెయ్యి వేసి, రెండో చేతి బొటనవేలితో కింది కనురెప్పని కొంచెం కిందికి లాగి చూశారు. అక్కడున్న అమ్మాయి గబగబా వచ్చింది. నా గుండె జారింది. ఆ పిల్ల నవ్వుతూ, "మీరు వెటర్నేరియనా?" అంది. రెప్ప లోపలి పొర ఎర్రగా ఉంటే రక్తం బాగున్నట్టు, తెల్లగా పాలిపోతే కడుపులో నట్టలు, అంటే పురుగులు, రక్తం పీలుస్తున్నట్టు. మందులషాపు లేని ఊళ్లో కూడా గొర్రెలు కాసేవాళ్లకి ఈ పరీక్ష తెలుసు. అక్కడా అదే చేస్తారట. పావుగంట ఇద్దరూ నట్టల మందుల గురించి మాట్లాడుకున్నారు. ఒకరి ఇంగ్లీషు ఒకరికి సగమే అర్థమైనట్టుంది, ఇద్దరికీ అది అడ్డు రాలేదు. మీ ఇంట్లో పశువుల డాక్టరు లేకపోవచ్చు, పాడి చేసిన అమ్మమ్మో వ్యవసాయం చేసిన మామయ్యో ఉంటారుగా. వాళ్లని ముందుకి తోసి, అనువాదానికి మీరు పక్కన నిలబడండి.

బయటికి వచ్చేటప్పుడు చేతులు కడుక్కునే తొట్లు వరసగా ఉంటాయి. సబ్బుతో కడిగించండి, శానిటైజరు రాసి సరిపెట్టకండి.

తిరుగుదారిలో కోతులు

ఇప్పుడు ఆ చిన్న కోతుల దగ్గర ఆగండి. కాటన్ టాప్ టామరిన్లు. ఉడతకంటే కాస్త పెద్దవి, అరకిలో కూడా తూగవు. నెత్తిన తెల్లటి జుట్టు రేగి, నిద్రలేచిన ముసలాయనలా ఉంటాయి. ప్రపంచం మొత్తం మీద కొలంబియా దేశం వాయవ్య మూల అడవుల్లో మాత్రమే ఉన్నాయి, అంతరించిపోయే ప్రమాదం బాగా ఎక్కువగా ఉన్న జాతి. 1960ల చివర, 70ల మొదట్లో వైద్య పరిశోధనల కోసం వీటిని వేలకి వేలు అమెరికాకి పట్టుకొచ్చారు. మిగిలినవాటికి అడవి తరిగిపోయింది.

ఇక్కడ నాకు నచ్చిన సంగతి కోతి కాదు, సంచి. కొలంబియాలో వీటి కోసం ప్రొయెక్తో తీతీ అనే సంస్థ పనిచేస్తోంది, దానికి డిస్నీ తోడ్పాటు ఉంది. అడవి పక్క ఊళ్ల ఆడవాళ్లు పారేసిన ప్లాస్టిక్ కవర్లని సన్నగా చీల్చి, దారంలా చుట్టి, క్రోషియా సూదితో భుజానికి వేసుకునే సంచులు అల్లుతారు. ఊళ్లో చెత్త తగ్గుతుంది, చేతికి డబ్బొస్తుంది, బతుకుతెరువుకి అడవి కొట్టాల్సిన అవసరం తగ్గుతుంది. మా అమ్మ సిగరెట్ పెట్టెలతో పర్సులు కుట్టిన తరం మనిషి. ఆవిడకి ఫోటో పంపితే, "కుట్టు ఎలా వేశారో దగ్గరగా తీసి పంపు" అని మెసేజ్ పెట్టింది.

అక్కడివాళ్లని అడగదగ్గ ఇంకొకటి ఏనుగులూ తేనెటీగల సంగతి. తేనెటీగల రొద వింటే ఆఫ్రికా ఏనుగులు పారిపోతాయి, పారిపోతూ మిగతా ఏనుగుల్ని హెచ్చరించడానికి లోగొంతుతో ప్రత్యేకమైన చప్పుడు చేస్తాయి. ఈ పార్కు శాస్త్రవేత్త కూడా ఉన్న బృందం కెన్యాలో దీన్ని రికార్డు చేసి 2010లో ప్రచురించింది. కెన్యా రైతులు పొలం చుట్టూ తేనెపట్టు పెట్టెలు వేలాడదీసి ఏనుగుల్ని ఆపుతున్నారు. ఏనుగులు పొలాల మీద పడే కుప్పం, పలమనేరు వైపు చుట్టాలున్నవాళ్లకి ఇది వినోదం కోసం చెప్పే మాటలా అనిపించదు.

వంకలు లేవా అంటే

ఉన్నాయి. డిస్నీ వ్యాపార సంస్థ, టికెట్టు కొన్నవాళ్లకి తన మంచి మొహమే చూపిస్తుంది. 1998లో పార్కు తెరవకముందు నెలల్లో ఇక్కడికి తెచ్చిన జంతువుల్లో చాలా చనిపోయాయి. నాలుగు చీతా కూనలు విషపు రసాయనం వల్ల పోయాయి, కొంగజాతి పక్షులు సఫారీ బండ్ల కింద పడ్డాయి. అమెరికా వ్యవసాయ శాఖ విచారణ జరిపి చట్టం ఉల్లంఘన ఏమీ లేదని తేల్చింది. ఆ సంగతి గోడల మీద ఎక్కడా నా కంటపడలేదు. మరోపక్క 1995 నుంచీ నడుస్తున్న వాళ్ల సంరక్షణ నిధి నుంచి ప్రపంచమంతటా పది కోట్ల డాలర్లకి పైగా వెళ్లాయి. అమెరికా జూల సంఘం గుర్తింపు కూడా ఉంది. రెండూ నిజమే. పదేళ్లు దాటిన పిల్లలుంటే రెండూ చెప్పండి. వాళ్లు మనం అనుకున్నదానికంటే బాగా సర్దుకుంటారు.

ఇంకో వంక: పులో సింహమో కనిపిస్తుందనుకుని ఎవరైనా ఇక్కడికి వస్తే నిరాశే. పులుల కోసం ఆసియా వైపు మహారాజా జంగిల్ ట్రెక్‌కి వెళ్లాలి. అక్కడ మన ఆంధ్రా రాష్ట్ర జంతువు కృష్ణజింక కూడా ఉంటుంది. ప్లానెట్ వాచ్‌లో చూడాల్సింది పని చేసే మనుషుల్ని. అది మీకు ఆసక్తిగా అనిపించకపోతే రైలెక్కకండి.

ఎవరు మానేయాలి

ఒక్కరోజే పార్కుకి వచ్చి, రైడ్‌లే ముఖ్యం అనుకునేవాళ్లు. పదమూడు నుంచి పంతొమ్మిదేళ్ల పిల్లలు మాత్రమే ఉన్నవాళ్లు. మధ్యాహ్నం పన్నెండు దాటాక పార్కుకి చేరినవాళ్లు. ఎండాకాలం మధ్యాహ్నాలు మబ్బు కమ్మితే కూడా వద్దు. ఫ్లోరిడా ఉరుములు మెరుపులకి బయటి జంతువుల్ని లోపలికి తోలేస్తారు, రైలూ ఆగిపోవచ్చు. ఒకసారి ఇరుక్కుంటే వేరే దారి లేదని ముందే చెప్పాను.

ఐదేళ్లలోపు పిల్లలు, అరవై దాటిన పెద్దలు, సైన్సు పిచ్చి ఉన్న పిల్లలు, పశువులతో పని చేసిన ఎవరైనా తప్పకుండా వెళ్లాలి. రాకపోకలతో కలిపి రెండు గంటలు పెట్టుకోండి. మా నాన్న లాంటివాళ్లుంటే మూడు.

తిండి సంగతి ఒక్క ముక్క. ఇంటి భోజనం పార్కులోకి తీసుకెళ్లనిస్తారు. గాజు సీసాలు, విడి ఐసు మాత్రం కుదరవు. పులిహోర, పెరుగన్నం స్టీలు డబ్బాల్లో పెట్టుకెళ్లాను, గేటు దగ్గర సంచీ తెరిచి చూసి పంపించేశారు. జంతువుల గొంతులో పడతాయని ఈ పార్కులో ప్లాస్టిక్ స్ట్రాలు ఇవ్వరు, బెలూన్లు అమ్మరు. చిన్నపిల్లలకి జ్యూసు కోసం మూత ఉన్న గ్లాసు మీదే తెచ్చుకోండి.

తిరుగు రైలు దిగి హరంబేలో చెట్టు కింద బల్ల మీద కూర్చుని పులిహోర తిన్నాం. పన్నెండు కావొస్తోంది, ఇండియాలో రాత్రి పదిన్నర. నాన్న చెయ్యి కడుక్కుని, పాత ఆస్పత్రిలో తన దగ్గర పనిచేసిన అటెండరుకి ఫోను కలిపారు. ఫ్లెమింగో కాలికి కట్టు ఎలా కట్టారో మొదట్నుంచీ చివరిదాకా వరసగా చెప్పారు. దూది ఎన్ని పొరలో, రబ్బరు ఎక్కడ పెట్టారో. అవతల ఆయన ఏదో అడిగినట్టున్నాడు. "ఆఁ, ఒంగోలు ఆవులంట. ఒంగోలు కాదయ్యా, అంకోలు" అన్నారు నాన్న. "కొమ్ములు మాత్రం బారెడున్నాయి. గొడ్డుని కదలకుండా నిలబెట్టే మన ట్రెవిస్ చట్రంలో అయితే పట్టవు."